పైకాకిందికా గారికి చేప నూనె పట్టించిన కథ

కన్నవాళ్ళు ఆయనకు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఆ ఏడంతస్తుల ఆఫీసు భవనంలో అందరికీ ఆయన పైకాకిందికా గారు. లిఫ్టు మడతల తలుపు బర్రున లాగి, లోపలికొచ్చిన మనిషి మొహంలోకి చూసి, "పైకా, కిందికా?" అని అడగటం ఆయన ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అడుగుతున్నాడు. ఏడో అంతస్తులో ఎక్కినవాణ్ణి కూడా వదలడు. దాని పైన నీళ్ళ ట్యాంకు తప్ప ఇంకేమీ లేదు, నీళ్ళ ట్యాంకుకి లిఫ్టూ లేదు. అయినా సరే అడుగుతాడు. అదేమంటే, "మనిషన్నాక అడగాలి గదండీ" అంటాడు.

ఈ రోజుల్లో లిఫ్టుకి మనిషెందుకు అని మీరు అడగొచ్చు. ఆ మాట ఆయన ముందు మాత్రం అనకండి. అది ఈ రోజుల్లో లిఫ్టు కాదు. మూడో నంబరు మీటని బుజ్జగించి నొక్కాలి, ఆరో దాన్ని గదమాయించి నొక్కాలి. నాలుగో అంతస్తులో బెత్తెడు కిందే ఆగి మొండికేస్తుంది, అప్పుడు తలుపు మీద మోకాలితో ఒకటిచ్చుకోవాలి. అది ఎంత బలంగా ఇచ్చుకోవాలో తెలిసిన మోకాలు ఈ లోకంలో ఒక్కటే ఉంది.

పనికంటే ఆయనకు ముఖ్యం కబుర్లు. రెండో అంతస్తువాళ్ళకు పదిహేను సెకన్ల కబురు, ఐదో అంతస్తువాళ్ళకు ముప్పావు నిమిషం కబురు, ఏడో అంతస్తువాళ్ళకైతే ఉపోద్ఘాతంతో సహా. మధ్యలో ఎవరైనా దిగిపోతే మర్నాడు సరిగ్గా ఆగిన మాట దగ్గర అందుకుంటాడు. "ఆ, అప్పుడు మా బావమరిది నిచ్చెన మీద ఉన్నాడన్నానా..." అంటూ మొదలెడతాడు. ఆ బావమరిది ఆ నిచ్చెన దిగడానికి పదకొండు రోజులు పట్టింది. మొదటిసారి విన్న కొత్త ఉద్యోగి ఒకాయన సెలవు పెట్టి ఊరెళ్ళి, అక్కణ్ణించి ఫోన్ చేసి మరీ కనుక్కున్నాడు.

ఇంత సుఖంగా ఉన్న మనిషికి ఒకే ఒక్క బెంగ. చర్మం. డాక్టర్లు సోరియాసిస్ అంటారు, ఇంట్లో పొలుసుల జబ్బు అంటారు. మోచేతుల మీద, మోకాళ్ళ మీద, మెడ వెనక ఎర్రటి మచ్చలు, వాటి మీద తెల్లటి పొట్టు. ఎనిమిదేళ్ళుగా ఉంది. కొన్నాళ్ళు తగ్గుతుంది, కొన్నాళ్ళు రెచ్చిపోతుంది. ఇది అంటుకునేది కాదని ఎవరు చెప్పినా, ఆయనకు మాత్రం నలుగురిలో తల కొట్టేసినట్టుండేది. అందుకే మండే ఎండల్లో కూడా పొడుగు చేతుల చొక్కా, మెడదాకా గుండీ. ఆ లిఫ్టు పెట్టెలో ఫ్యాను లేదు. చెమటకి ఉడికిపోతూ, నవ్వుతూ, "పైకా, కిందికా?" అని అడిగేవాడు.

సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక చిన్న చీపురు, చేట తీసుకుని లిఫ్టు నేల ఊడ్చేవాడు. ఈ మధ్య, అంటే రెండేళ్ళుగా, చేటలో తెల్లటి పెచ్చులు దండిగా పడుతున్నాయి. దాన్ని చూసినప్పుడల్లా 'ఇదంతా నాదే' అనుకునేవాడు. ఒకరోజు ఉండబట్టలేక కాగితంలో పొట్లం కట్టుకెళ్ళి భార్యకు చూపించాడు.

"రోజూ ఇంత మనిషిని ఊడ్చి పారేస్తున్నారా? మరి బరువు తగ్గరేంటండీ?" అని అడిగిందావిడ. వెక్కిరింతేం కాదు, నిజంగానే ఆశ్చర్యపోయింది.

సరే, అలా నడుస్తుండగా ఒకనాడు మేనేజరు కబురు పెట్టాడు. మేనేజరు గది కింది అంతస్తులోనే. ఆయనకు లిఫ్టంటే చచ్చేంత భయం. బయటికి మాత్రం, "ఆరోగ్యం కోసం మెట్లెక్కుతానయ్యా" అంటాడు. ఆరోగ్యం కోసం కూడా మొదటి అంతస్తు దాటి ఎక్కింది లేదనుకోండి. బల్ల మీద సలహాల పెట్టెలోంచి తీసిన కాగితం ఒకటి ఉంది. మేనేజరు గొంతు సవరించుకుని చదివాడు.

"లిఫ్టులో తెల్లటి పెచ్చులు రాలి మా మీద పడుతున్నాయి. చూడటానికి అసహ్యంగా ఉంది. ఇకనైనా తగిన చర్య తీసుకోగలరు. ఇట్లు, ఐదో అంతస్తు."

చదివి, ఆయన మెడ వంక చూశాడు. గుండీ దాకా చూశాడు. ఇంకేం అనాల్సిన అవసరం లేకుండా చూశాడు.

"నీ మీద నాకేం కోపం లేదయ్యా. కాగితం వచ్చాక నేనేం చెయ్యను? నెల రోజులు టైమిస్తున్నా. ఏ మందు వాడతావో వాడు. ఈ పెచ్చులు ఆగాయా సరేసరి. ఆగలేదా, నిన్ను కింద పాత ఫైళ్ళ గదికి వేస్తా. జీతం అదే, కుర్చీ కూడా ఇస్తా. అక్కడ నిన్ను చూసేవాళ్ళుండరు, నీకూ హాయి."

హాయట! నేల కింద ఉన్న ఆ గదికి రోజుకి ఒక్క మనిషి వస్తే గొప్ప. ఆ వచ్చినవాడు కూడా ఫైలు కోసం వస్తాడు, బావమరిది కోసం రాడు. అక్కడ ఉండేది దుమ్ము, ఎలుకలు, ఆ ఎలుకల్ని పట్టే బూడిద రంగు పిల్లి. పైకాకిందికా గారు తలుపు దాకా వచ్చి, మేనేజరు వైపు తిరిగి, "అక్కడ ఎవర్ని అడగనండీ?" అన్నాడు. మేనేజరుకి అర్థం కాలేదు.

ఇక ఆ ఐదో అంతస్తు ఎవరు? ఆయనకు వెంటనే తట్టింది. అక్కడ భూముల మ్యాపులు గీసే ఆఫీసు ఉంది. అందులో మ్యాపుల మేడమ్ ఒకావిడ. ఈ మధ్య ఆవిడ లిఫ్టు దిగుతూ ప్రతిసారీ తల మీద చేత్తో టపటపా దులుపుకుంటోంది. ముందు అదొక అలవాటనుకున్నాడు. ఇప్పుడు తెలిసొచ్చింది. పన్నెండేళ్ళ పరిచయం, పదకొండు రోజుల నిచ్చెన కథ మొత్తం విన్న మనిషి, ఒక్క మాట మొహాన అనకుండా కాగితం రాసి పెట్టెలో వేస్తుందా? ఆయనకు నిజంగా కడుపు మండింది. ఆ రోజు నించి ఆవిడెక్కితే "పైకా?" అని సగమే అడగటం మొదలెట్టాడు. ఆయన దృష్టిలో అంతకంటే పెద్ద శిక్ష లేదు.

మర్నాడు భార్యని వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాడు. డాక్టరమ్మ మోచేతులు, మోకాళ్ళు, మెడ చూసింది. ఒక ట్యూబు రాసింది. ఇంకేదన్నా గట్టి మందు కావాలని ఈయన ప్రాధేయపడ్డాడు, నెల రోజుల గడువు సంగతి చెప్పి కళ్ళనీళ్ళు పెట్టుకున్నంత పని చేశాడు.

"చేప నూనె మాత్రలు కొందరికి కాస్త మేలు చేస్తాయంటారు. దురద, ఎరుపు కొంచెం తగ్గొచ్చు. తగ్గకపోనూ వచ్చు, మహిమలేం ఆశించకండి. అసలు మందు మాత్రం ట్యూబే," అంది డాక్టరమ్మ. ఆపైన మాత్ర అన్న మాట వినగానే మొహం చిట్లించిన ఈయన వాలకం కనిపెట్టి, భార్య వైపు తిరిగింది. "చూడమ్మా, ఈయన ఎగ్గొట్టే రకంలా ఉన్నారు. ట్యూబు రాయి. ఈ చేప నూనె రెండు పూటలా నువ్వే దగ్గరుండి పట్టించు. మర్చిపోకు."

"పట్టిస్తానండీ," అంది ఆవిడ.

ఇదిగో, కొంప మునిగింది ఇక్కడే.

ఇంటికొచ్చాక సీసా మూత తీసి మంచం మీద బోర్లించారు. తేనె రంగులో మెరిసే బుడ్డలు. ఇంటి పెద్ద దిక్కు ఆయన అక్కగారు కళ్ళజోడు పెట్టుకుని ఒకదాన్ని దీపానికెత్తి చూసింది.

"ఒరేయ్, ఏంటిది?"

"చేప నూనక్కా. పొలుసులకి."

"పొలుసులకి చేప నూనా? మతుండే మాట్లాడుతున్నావా? చేపకే ఒళ్ళంతా పొలుసులు గదరా! దాని నూనె దాని పొలుసులే పోగొట్టలేదు, నీవేం పోగొడుతుంది?"

ఆయన సీసా తిప్పి తిప్పి చూశాడు, దాని మీద సమాధానం లేదు. నిజం చెప్పాలంటే నా దగ్గరా లేదు.

"డాక్టరమ్మ చెప్పింది వదినా, చేసి చూద్దాం," అని భార్య కొంగు బిగించింది. "నూనె పట్టించమంది. చూశావా, ఒలికిపోకుండా ఎంత చక్కగా బుడ్డల్లో పోశారో." జాకెట్టుకున్న పిన్నీసు తీసి, మొదటి బుడ్డని పుటుక్కున పొడిచి, మొగుడి మోచేతి మీద పిండింది. పూటకొకటి అని సీసా మీద రాసి ఉంది గానీ, ఒకటి మోచేతికే చాల్లేదు. మోచేతికి రెండు, మోకాలికి మూడు, మెడకి నాలుగు. ముందు ట్యూబు, అది ఆరాక నూనె. అరచేత్తో రుద్ది రుద్ది పట్టించింది. ఇల్లాలంటే అలా ఉండాలి, చెప్పిన పని ఒకటికి నాలుగింతలు చేస్తుంది.

మొదటి రోజు ఇంట్లో ఎవరూ అన్నం తినలేకపోయారు. రెండో రోజు తిన్నారు. మూడో రోజుకి ముగ్గురి ముక్కులూ అలవాటు పడిపోయి, "చూశావా, వాసన పోయింది" అనుకున్నారు. పోలేదు. ఆయనతోపాటు లిఫ్టెక్కింది.

తలుపు మూసిన పెట్టె, ఫ్యాను లేదు, ఎండాకాలం, పొడుగు చేతుల చొక్కా కింద పావు సీసా చేప నూనె. ఆలోచించండి. ఎక్కినవాళ్ళు మొదట తమ చెప్పుల అడుగు చూసుకున్నారు. తర్వాత పక్కవాడి భోజనం డబ్బా వంక చూశారు. రెండో అంతస్తువాళ్ళకీ మూడో అంతస్తువాళ్ళకీ డబ్బాల విషయంలో మాటా మాటా పెరిగి, మొహాలు చూసుకోవడం మానేశారు. అందరికంటే మంచివాడు ఏడో అంతస్తు గుమస్తా. వాసన తన మేజోళ్ళదే అని ఒప్పేసుకుని, కొత్తవి కొనుక్కున్నాడు.

"ఏదో వాసన వస్తోంది గదండీ?" అని ఎవరైనా అంటే, పైకాకిందికా గారు గట్టిగా గాలి పీల్చి, "నాకేం రావట్లేదే!" అనేవాడు. ఆయన అబద్ధం చెప్పడం లేదు. పాపం, ఆ ముక్కు ముందు ఆయన్నే మోసం చేసింది. చచ్చిన ఎలుక ఉందేమోనని మెకానిక్కుని పిలిపించి లిఫ్టు గొయ్యంతా వెతికించారు. ఒక పాత చెప్పు, మూడు పెన్నులు దొరికాయి.

ఈ మొత్తం భవనంలో నిజం కనిపెట్టిన ప్రాణి ఒక్కటే. పాత ఫైళ్ళ గది పిల్లి. పుట్టి బుద్ధెరిగాక నేల పైకి రాని పిల్లి, నాలుగో రోజున మెట్లెక్కి వచ్చి లిఫ్టు ముందు కూర్చుంది. తలుపు తెరవగానే లోపలికి నడిచింది. పైకాకిందికా గారు మర్యాద తప్పుతాడా? "పైకా, కిందికా?" అని అడిగాడు. పిల్లి మోచేతి వంక చూసింది. అప్పట్నించి పొద్దున్నించి సాయంత్రం దాకా పైకీ కిందికీ ఆయన స్టూలు కిందే ప్రయాణం. జనం మాత్రం మెట్లకు మళ్ళారు. వాళ్ళు రాకపోయేసరికి ఆయన కబుర్లన్నీ పిల్లికే చెప్పాడు. నిచ్చెన కథ ఒకే విడతలో పూర్తిగా విన్న అదృష్టం దానిదే.

పైకి నవ్వుతూనే ఉన్నాడు గానీ లోపల మనిషి కుంగిపోయాడు. ఖాళీ లిఫ్టులో ఏడో అంతస్తుకి వెళ్ళి, ఖాళీ లిఫ్టులో కిందికి వచ్చేవాడు. నన్ను చూసే మానేశారు అనుకున్నాడు. ఇంత జరిగినా సాయంత్రం చేటలో పెచ్చులు తగ్గలేదు. మోచేతులు చూస్తే నున్నబడుతున్నాయి, చేట చూస్తే నిండుతోంది. ఈ లెక్క ఆయనకు తెగలేదు. ఇంకెక్కడో, తనకు కనపడని చోట, వీపు మీదో ఎక్కడో రాలుతోందనుకుని భార్య చేత అద్దం పట్టించి చూసుకున్నాడు. ఏమీ లేదు.

నెల నిండే రోజు రానే వచ్చింది. మధ్యాహ్నం మేనేజరు తనిఖీ. పొద్దున డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళారు. గదిలోకి అడుగు పెట్టగానే డాక్టరమ్మ లేచి కిటికీ తీసింది.

"మాత్రలు పడుతున్నాయా?" అని అడిగింది.

"బాగా పడుతున్నాయండీ, కానీ సీసా వారం కూడా రావట్లేదు," అంది భార్య. "ఒక్కో మోచేతికి రెండేసి లాగేస్తోంది."

"మోచేతికా?"

"మోకాలికైతే మూడు."

డాక్టరమ్మ పెన్ను కింద పెట్టింది. "అమ్మా, ఆ మాత్రలు ఎలా పట్టిస్తున్నావు?"

"పిన్నీసుతోనండీ."

డాక్టరమ్మ పెదాలు బిగబట్టుకుని గోడ మీది క్యాలెండరు వంక చూసింది. కుదరలేదు. బల్ల మీద తల పెట్టేసి, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. తేరుకుని కళ్ళు తుడుచుకుని, "పట్టించమంటే మింగించమనమ్మా!" అంది.

"నూనె పట్టించమంటే ఎవరైనా ఒంటికి పట్టిస్తారు గానీ నోటికి పట్టిస్తారా?" అంది భార్య, తప్పు తనదంటే ఊరుకునేలా లేదు.

"మందు పట్టించమంటే?"

"మందైతే నోటికే. మీరు మందు పట్టించమన్లేదు. నూనె పట్టించమన్నారు."

"నిజమే. తప్పు నాదే," అని డాక్టరమ్మ ఒప్పుకుంది. ఆపైన మోచేతులు చూసి సంతోషించింది. మచ్చలు బాగా పలచబడ్డాయి, పొట్టు దాదాపు లేదు. "ఇది ట్యూబు చేసిన పని. చేపకి ఇందులో ఏ పాపమూ తెలీదు. మళ్ళీ రావచ్చు, మళ్ళీ తగ్గించుకుందాం. దీంతో కలిసి కాపురం చెయ్యడమే."

"ఏ పొట్టూ లేదంటారా? మరి చేటలో అంత పెచ్చులేంటండీ?" అన్నాడాయన. డాక్టరమ్మకి ఏ చేటో తెలీదు.

సబ్బు అరగదీసి స్నానం చేసి, మధ్యాహ్నానికి లిఫ్టు దగ్గరికి చేరాడు. మేనేజరు అప్పటికే అక్కడ నిలబడి ఉన్నాడు. తనిఖీ అంటే లోపలికెక్కాలి. ఎక్కకుండా తనిఖీ చెయ్యడమెలాగా అని నెల రోజులుగా ఆలోచించి దారి దొరక్క వచ్చాడు. ఐదో అంతస్తు తరఫున సాక్ష్యానికి మ్యాపుల మేడమ్‌ని కూడా పిలిపించాడు.

"పైకా?" అన్నాడు పైకాకిందికా గారు, ఆవిడ వంక చూడకుండా.

"ఏంటండీ, ఈ మధ్య నన్ను సగమే అడుగుతున్నారు?" అంది ఆవిడ.

ఆయన బర్రున తలుపు మూశాడు. ఎక్కింది ముగ్గురు మనుషులు, ఒక పిల్లి. మేనేజరు కళ్ళు గట్టిగా మూసుకుని, గోడకున్న కమ్మీ పట్టుకుని, నోట్లో ఏదో గొణుక్కుంటున్నాడు. ఒకటి దాటింది, రెండు దాటింది, మూడు దాటింది. నాలుగో అంతస్తులో అలవాటు ప్రకారం బెత్తెడు కింద ఆగింది. ఆయన మోకాలితో తలుపుకి ఒకటిచ్చుకున్నాడు. లిఫ్టు గడగడా ఊగింది. "అమ్మో!" అని మేనేజరు కేకేశాడు. ఆ కేకకి పిల్లి బెదిరి ఎగిరింది. అదే క్షణంలో, పైన దీపం పక్కనించి, అరచెయ్యంత తెల్లరంగు పెచ్చు ఒకటి ఊడి, మేనేజరు బట్టతల మీద చప్పున పడి రెండు ముక్కలైంది.

"అదిగో!" అంది మ్యాపుల మేడమ్. "నేను రాసింది దాని గురించే! మూడు కాగితాలు రాశానండీ. రోజూ ఆఫీసుకెళ్ళి తల దువ్వుకుంటే ఇంతింత రంగు రాలుతోంది. రెండేళ్ళ కిందట ఎవరో పెద్దవాళ్ళొస్తున్నారని పాత రంగు గీకకుండా దాని మీదే కొట్టి పోయారు. ఊడదా మరి?"

ముగ్గురూ తలెత్తి చూశారు. ఇరవై రెండేళ్ళలో ఆయన ఆ లిఫ్టు పైకప్పు చూడటం అదే మొదటిసారి. ఎందుకు చూస్తాడు? ఆయన చూసేది ఎక్కినవాళ్ళ మొహాలు, ఊడ్చేది నేల. పైన రంగు పొరలు పొరలుగా లేచి, వేలాడుతూ, ఎప్పుడు పడదామా అన్నట్టుంది.

"అంటే..." అన్నాడు. "అంటే, ఆ పెచ్చులు... నావి కాదా?"

"మీవా?" అంది ఆవిడ. అర్థం కావడానికి ఒక క్షణం పట్టింది. అయ్యాక ఆవిడ మొహం చిన్నబోయింది. "అయ్యో రామ! మీ మోచేతుల సంగతి అనుకున్నారా? ఆ ఆరో మీట నొక్కడానికి చెయ్యెత్తినప్పుడల్లా చొక్కా వెనక్కి జారుతుందండీ. ఎన్నేళ్ళుగానో చూస్తూనే ఉన్నాం. దానికి కాగితం రాసేదేముంది? మనిషన్నాక ఒళ్ళుంటుంది."

మేనేజరు తల దులుపుకుంటూ, "నన్ను ముందు దింపండయ్యా," అన్నాడు సన్నగా.

పైకాకిందికా గారు నిలబడిపోయాడు. ఎనిమిది ఎండాకాలాలు. పొడుగు చేతులు, మెడదాకా గుండీ. అందరికీ తెలుసట. తెలిసీ ఎక్కారట, తెలిసీ బావమరిది గురించి అడిగారట. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. మెల్లగా మెడ గుండీ విప్పాడు. చేతులు రెండూ మోచేతులపైకి మడిచాడు. గాలి తగిలి హాయిగా అనిపించింది. ఆపైన మ్యాపుల మేడమ్ వైపు తిరిగి, నెల రోజుల బాకీ తీరుస్తున్నట్టు నిండుగా అడిగాడు.

"పైకా, కిందికా?"

"పైకేనండీ," అంది ఆవిడ.

"కిందికి! కిందికి!" అన్నాడు మేనేజరు. పిల్లిని కూడా పైకే లెక్కేసి, ఎక్కువమంది మాటే చెల్లుతుందని ముందు పైకే తీసుకెళ్ళాడు.

వారం తిరిగేసరికి పైకప్పు గీకి కొత్త రంగు వేశారు. పైకాకిందికా గారు చేప నూనె ఇప్పుడు మింగుతున్నాడు, భార్య దగ్గరుండి నోటికే పట్టిస్తోంది. దాని వల్ల మేలుందో లేదో ఇంకా తెలీదు గానీ త్రేన్పులు మాత్రం వస్తున్నాయి. కబురు మధ్యలో ఒకటి వచ్చిందంటే రెండో అంతస్తువాళ్ళు దిగేదాకా ఊపిరి బిగబడతారు. పిల్లి మళ్ళీ ఎలుకల దగ్గరికి వెళ్ళలేదు.

కొత్త రంగు ఆరిన మొదటి సాయంత్రం ఆయన ఎప్పట్లాగే చీపురు తీసుకుని లిఫ్టు మూలమూలా ఊడ్చాడు. చేటలోకి చూశాడు. మళ్ళీ ఊడ్చాడు, మళ్ళీ చూశాడు. ఉన్నదంతా జాగ్రత్తగా కాగితంలోకి దులిపి, పొట్లం కట్టి, ఇంటికి పరుగెత్తాడు. గుమ్మంలోనే భార్యనీ అక్కనీ కేకేసి, దీపం కిందికి తీసుకెళ్ళి పొట్లం విప్పాడు. అందులో చిటికెడు కూడా లేదు.

"చూడవే," అన్నాడు, మొహం వెలిగిపోతుండగా. "నాది ఇంతే!"